ఆముదం వాసన వేసే తుమ్మెదలు

గాలికాలం, 4వ రోజు

పొద్దున బల్ల తుడిస్తే దోసెడు ఇసుక వచ్చింది. కిటికీలకు తడిగుడ్డలు కట్టినా ఏదో సందులోంచి వస్తూనే ఉంటుంది. యంత్రాలు విప్పే బల్ల మీద ఒక్క రేణువు కూడా ఉండకూడదు కాబట్టి నా ఉద్యోగం రోజూ చీపురుతోనే మొదలవుతుంది.

కొత్త పుస్తకం గనక మొదటి పేజీలో వివరం రాయాలి. పేరు సుంకమ్మ. గుంతకల్లు పాత రైల్వే ప్లాట్‌ఫారం మీద కట్టిన అంగడి వాపసు గోదాములో పదకొండేళ్లుగా పరిశీలకురాలిని. అంగడిలో తెప్పించుకున్న కంప్యూటర్ సామాను ఏదైనా నలభై రోజుల్లోపు తిప్పి పంపొచ్చు. దాంతో వచ్చే కాగితం మీద మూడు గళ్లుంటాయి: నచ్చలేదు, పాడైంది, వేరేది వచ్చింది. ఒకదాంట్లో టిక్కు పెడితే చాలు, ఎందుకని ఎవరూ అడగరు. నేను విప్పి చూసి, బాగుంటే లోపలి జ్ఞాపకమంతా చెరిపి మళ్లీ కొత్త పెట్టెలో పెడతాను. బాగాలేనిది మరలో వేస్తాను, పొడి అయిపోతుంది. చూసిన ప్రతిదాని గురించీ చేత్తో రాసిపెట్టాలని నియమం. యంత్రంలో రాసిందైతే ఎవరైనా మార్చేయగలరట.

ఈరోజు మూడు వచ్చాయి. బళ్లారి నుంచి ఒకాయన గోడంత తెర పంపాడు. ఇంట్లో పెళ్లి ముందురోజు తెప్పించుకుని, పెళ్లి అయిన మర్నాడు "నచ్చలేదు" అన్నాడు. తెర అంచుకు పసుపు వేలిముద్రలున్నాయి. ఆదోని నుంచి వచ్చిన కొత్త పెట్టెలో పాత బోర్డు ఉంది. తమది పాడైతే కొత్తది తెప్పించుకుని, పాతదాన్ని అందులో పెట్టి పంపారు. ఇలాంటివి చూసి కోపం తెచ్చుకోవడం నేను ఎప్పుడో మానేశాను.

మూడోది తుమ్మెద. హిందూపురంలో నలుగురైదుగురు కలిసి చేసే అరచేయంత బోర్డు. ఇంటి గోడకు తగిలిస్తే దూరాన లేచిన ఇసుకగాలిని ఊరికంటే ముందే విని, ఆ చప్పుడు పెంచి వినిపించి హెచ్చరిస్తుంది. కాగితం మీద "నచ్చలేదు" గడిలో టిక్కు ఉంది. బోర్డు మాత్రం పంపినప్పటి కంటే శుభ్రంగా తిరిగొచ్చింది. మూలల్లో దూదితో తుడిచారు. పెట్టె అట్టను ఎక్కడా చిరగకుండా మడతల మీదే మడిచారు. వెనకవైపు ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆముదం వాసన వచ్చింది.

పరీక్షలన్నీ నెగ్గింది. ముద్ర వేశాను.

గాలికాలం, 11వ రోజు

మళ్లీ తుమ్మెద, మళ్లీ ఆముదం. ఈసారి ఊరుకోలేక పాత పుస్తకాలు తిరగేశాను. ఏడాదిన్నరలో నా బల్ల మీదికి పదకొండు తుమ్మెదలు తిరిగొచ్చాయి. వాటిలో తొమ్మిదింటి పక్కన "నూనె వాసన", "దూదితో తుడిచినట్టుంది" అని నా చేతిరాతే ఉంది. పేర్లు తొమ్మిదీ వేరు వేరు ఆడవాళ్లవి. ఊర్లు మాత్రం కణేకల్లు ఇసుకదిబ్బల మధ్యనున్న నాలుగు పల్లెలే. అన్నిటికీ కారణం నచ్చలేదనే. అన్నీ తిప్పి పంపింది నలభయ్యో రోజునే.

రాసింది నేనే, చదవనిదీ నేనే.

మధ్యాహ్నం సంగటి తినేటప్పుడు మా గోదాము పెద్ద ఓబుళేశన్నకు చెప్పాను. ఆయన ఊరుబిండి నంజుకుంటూ విని, చేయి కడుక్కుని, పై ఆఫీసు నుంచి వచ్చిన జాబితా తెచ్చి చూపించాడు. ఏ సామానైనా అమ్మినవాటిలో నూటికి పది మించి వెనక్కి వస్తే దాన్ని అంగడి నుంచి తీసేస్తారు. అరల్లో మిగిలినవి మరకు పోతాయి. తుమ్మెదలు ఇప్పటిదాకా నూట పద్దెనిమిది అమ్ముడుపోయాయి. ఇంకొక్కటి తిరిగొస్తే గీత దాటినట్టే. ఆ అనుమానం మీదే, వెనక్కి వచ్చినవాటిలో నాలుగింటిని మళ్లీ అమ్మకుండా మా అరలోనే ఆపి ఉంచారట.

అదే జాబితాలో, ఆ పల్లెల్లో ఒకటైన దిగువదిబ్బలో శివలీల అనే ఆమె పేర నిన్ననే ఒక తుమ్మెద బయలుదేరినట్టు ఉంది.

గాలికాలం, 19వ రోజు

వారానికి ఒకటే రైలు. దాంట్లో ఈరోజు ఒకామె దిగింది. ముప్పై అయిదేళ్లుంటాయి. ముఖానికి చుట్టుకున్న గుడ్డ విప్పి ఇసుక దులుపుకుని, తన పేరు గౌసియా అనీ, తుమ్మెదలు చేసేది తామేననీ చెప్పింది. తన సామాను ఎందుకు వెనక్కి వస్తోందో చూపించమని అడిగింది. పై ఆఫీసుకు మూడు ఉత్తరాలు రాస్తే, మూడింటికీ "కొనుగోలుదారుకు నచ్చలేదు" అనే జవాబు వచ్చిందట.

"ఏం చెడిపోయిందో చూపించక్కా," అంది. "సరిచేసుకుంటా. చెడిపోయిందేందో తెలియకుండా సరిచేసేది ఎట్ల?"

అరలోంచి నాలుగూ తెచ్చి ఆమె ముందు పెట్టాను. తన వెంట తెచ్చుకున్న చిన్న సామాన్లతో ఒక్కొక్కటే విప్పింది. నేను చేసిన పరీక్షలన్నీ తానూ చేసింది. ఆమె వేళ్ల చివర్లు టంకం చుక్కలు పడి అక్కడక్కడా కాలి గట్టిపడి ఉన్నాయి. ఎక్కడా లోపం దొరకలేదు. నాలుగోది మూసేసి పక్కన పెట్టింది. లోపం దొరికి ఉంటేనే ఆమెకు ఎక్కువ సుఖంగా ఉండేదేమో అనిపించింది.

తర్వాత నెమ్మదిగా చెప్పింది. తుమ్మెద చెవి మరీ పదునైనదట. ఆరు మైళ్ల అవతలి గాలిని వినాలని అలా చేశారు. అంత పదునైన చెవికి పక్కింటి గొడవలు కూడా వినబడతాయి కాబట్టి జనానికి అదే నచ్చడం లేదేమోనని నలుగురూ కూర్చుని ఆలోచించుకున్నారు. చివరికి పోయిన నెల చేసిన విడతలో ఆ చెవి పదును సగానికి తగ్గించేశారు.

"నాకు ఇష్టం లేకనే చేసినా," అంది గౌసియా. "దాంట్లో బాగుండేది అదొక్కటేనక్కా."

అప్పుడు నేను బోర్డు వెనకవైపు ఆమె ముక్కు దగ్గర పెట్టాను. వాసన చూసి నావైపు చూసింది.

"ఆముదం," అంది. "గోడకు తగిలించేదానికి ఆముదం ఏంటికి?"

నాకు తెలియదన్నాను. పదకొండేళ్లలో ఒక్క వాపసు వెనకాల కూడా నడిచి వెళ్లి చూడలేదన్నాను. అది నా పని కాదనుకున్నాను.

గాలికాలం, 20వ రోజు

అవసరమైతే పరిశీలకురాలు చిరునామాకు వెళ్లి విచారించవచ్చని నియమాల పుస్తకంలో ఉందట. నాకు తెలియదు, ఓబుళేశన్నకు తెలుసు. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదని చెప్పాడు. అరలోని పాత తుమ్మెదల్లో ఒకదాన్ని నమూనాగా తీసుకెళ్లడానికి చీటీ కూడా రాసిచ్చాడు.

"పోయి సూసిరా," అన్నాడు. "సూసింది సూసినట్ల రాయి. ఎక్కువ రాయొద్దు, తక్కువ రాయొద్దు."

గౌసియా తానూ వస్తానంది. గాలి పోటు తగ్గితే తప్ప బండి కదలదు. రెండు రోజులు ఆగాలి. మా ఇంట్లోనే ఉంది. ఖాళీగా కూర్చోలేక మా నీళ్ల వడపోత మరను విప్పి, ఏడాదిగా వస్తున్న కీచుమనే చప్పుడు లేకుండా చేసింది.

గాలికాలం, 23వ రోజు

తెల్లవారుతూనే గాలిబండి ఎక్కాం. తెరచాప నిండగానే బండి ఇసుక మీద జారిపోతుంది. తోలేవాడు మాట్లాడడు, మాట్లాడితే నోట్లో ఇసుకే. దారి పొడుగునా పాత కరెంటు స్తంభాల కొనలు జానెడు జానెడు బయటికి కనిపిస్తూ ఉన్నాయి. వాటిని బట్టే తోవ.

మధ్యాహ్నం దాటాక దిగువదిబ్బ చేరాం. ఇరవై ఇళ్లు. ఊరి మొదట్లోనే ఇంకో గాలిబండి కట్టి ఉంది. దాని మీద బొంతలు పరిచి నిండు గర్భిణిని పడుకోబెట్టారు. ఒకతను ఆమె అటూ ఇటూ కదలకుండా పక్కల్లో దిండ్లు పెట్టి తాళ్లు కడుతున్నాడు. కన్నీళ్లు కారుతున్నా చేతులు మాత్రం ఆపడం లేదు. పక్కన సన్నగా, నిటారుగా ఉన్న ఒక ముసలామె నిలబడి ఎక్కడ కట్టాలో చెబుతోంది.

నేనెవరో చెప్పబోయాను. ముసలామె చెయ్యి చెవి వెనక పెట్టుకుని వంగింది. గట్టిగా చెప్పాక, ఇప్పుడు తీరిక లేదనీ, ఏదున్నా తర్వాత మాట్లాడతాననీ అంది. ఆమె పేరు మారెక్క. ఆ నాలుగు పల్లెలకూ మంత్రసాని. బండి మీద ఉన్నది శివలీల, తాళ్లు కట్టేది ఆమె పెనిమిటి. ఎనిమిదో నెల. బళ్లారి ఆసుపత్రికి తీసుకుపోతున్నారు. గాలికాలంలో ఆ దారి రెండు రోజులు. నిరుడు అదే దారిలో ఒక బండి తిరగబడి, అందులోని వాళ్లు దొరకనే లేదు.

ఎందుకని అడిగాను.

"బిడ్డ గుండె సగమే వినపడతాంది," అంది మారెక్క. "వారం కిందట గూడా ఇట్లనే ఉండె. ఇంగ నేను ఈడ పెట్టుకోలేను."

ఎలా వింటున్నారని గౌసియా అడిగింది. శివలీల కొంగు తొలగించింది. ఆముదం రాసి నున్నగా మెరుస్తున్న పొట్ట మీద, మెత్తని గుడ్డ పట్టీతో కట్టి, తుమ్మెద ఉంది.

గౌసియా ముందుకు వెళ్లి మోకాళ్ల మీద కూర్చుంది. బోర్డు అంచున ఉన్న విడత గుర్తు చూసింది. అది పోయిన నెల విడతదే.

"అవ్వా," అంది, ఆమె చెవి దగ్గరికి జరిగి. "సగమైంది బిడ్డ గుండె కాదు. దీని చెవి. నేనే తగ్గించినా."

మారెక్కకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పించుకుంది. నా సంచిలోని పాత తుమ్మెదను తీసి ఇచ్చాను. గౌసియా మాట తప్పు కావచ్చు. బోర్డు చెవి తగ్గడమూ, బిడ్డ గుండె నీరసించడమూ రెండూ నిజమే కావచ్చు. అప్పుడు మేం చేసిందల్లా ఒక తల్లి ప్రయాణాన్ని గంటసేపు ఆలస్యం చేయడమే అవుతుంది.

మారెక్క పాతదాన్ని తీసుకుని, గుడ్డతో తుడిచి, శివలీల బొడ్డు కింద ఎడమవైపు పెట్టి, కాస్త జరిపింది, ఇంకాస్త జరిపింది.

వినబడింది. ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా నిలబడి ఒకే రోట్లో అటుకులు దంచుతుంటే రోకళ్లు ఒకదాని వెంట ఒకటి పడినట్టు, వడివడిగా, ఎక్కడా తడబడకుండా. అంత గాలిలోనూ అందరికీ వినబడింది. మారెక్క కళ్లు మూసుకుని వేళ్ల గణుపుల మీద లెక్కపెట్టుకుంది. ఒకసారి చాల్లేదు, మూడుసార్లు లెక్కపెట్టింది.

తర్వాత కళ్లు తెరిచి, తాళ్లు విప్పమని శివలీల పెనిమిటికి సైగ చేసింది. అతను ఒక్కో ముడి విప్పుతుంటే గౌసియా అలాగే మోకాళ్ల మీద ఉండిపోయింది. తాను చేసిన బోర్డులోంచి మనిషి గుండె చప్పుడు వినడం ఆమెకు అదే మొదటిసారి.

గాలికాలం, 24వ రోజు

పొద్దున గౌసియా శివలీల తుమ్మెదను విప్పి, చెవి పదును మళ్లీ పూర్తిగా వచ్చేలా సరిచేసింది. ఆమె పని చేస్తుంటే మారెక్క పక్కనే కూర్చుని అంతా చెప్పింది. మేం అడగకముందే చెప్పింది.

నలభై రెండేళ్లుగా ఆమె తన చెవిని నమ్ముకునే కాన్పులు చేసింది. పొట్ట మీద చెక్కగొట్టం ఆనించి వినేది. రెండేళ్ల కిందట చెవులు మందగించాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఒక కాన్పులో అంతా బాగుందనే అనుకుంది. ఆ బిడ్డ బతకలేదు. వినబడక బాగుందనుకున్నానని ఆ తల్లికి తానే చెప్పింది. ఆ తల్లి ఈమెను ఏమీ అనలేదు. అనకపోవడమే ఇప్పటికీ మోయలేకుండా ఉన్నానంది.

ఆ తర్వాత ఎవరింట్లోనో గోడకు తుమ్మెద కనిపించింది. అంత దూరపు గాలిని వినేది ఇంత దగ్గరి గుండెను వినలేదా అనుకుంది. కొనే స్తోమత ఆ పల్లెల్లో ఎవరికీ లేదు. కానీ అంగడి నలభై రోజులు ఇస్తుంది. నెలలు నిండే ముందు నలభై రోజులు, ఎవరి కడుపైతే వాళ్ల పేరు మీదే తెప్పించేది. నలభయ్యో రోజు తిప్పి పంపేది. ఒక్క రోజు ఎక్కువ ఉంచుకోలేదు. గోడకు తగిలించలేదు, ఇంకో పనికి వాడలేదు. తానే దూదితో తుడిచి, తానే అట్ట మడిచి, తానే టిక్కు పెట్టేది.

"కొత్తది కొత్తట్లే పంపిస్తాండ గదా," అంది. "ఎవురికీ నష్టం లేదనుకుంటి. అంత పెద్ద అంగడికి ఇదొక లెక్కా అనుకుంటి."

గౌసియా చేతిలోని పని పక్కన పెట్టింది. కోపంగా మాట్లాడుతుందేమో అనుకున్నాను. తాము ఉండేది హిందూపురంలో ఒకే గదిలోనని చెప్పింది. తనతో పాటు పనిచేసే వాళ్లలో ఒకామె తుమ్మెద వెనక్కి వచ్చిందని తెలిసిన ప్రతిసారీ అన్నం సరిగ్గా తినేది కాదని చెప్పింది. ఇంకొక్కటి తిరిగొస్తే తుమ్మెదలే ఉండవని కూడా చెప్పింది.

"నచ్చలేదంటే నమ్మినామవ్వా," అంది చివరికి. "నమ్మి, మంచిదాన్ని మేమే పాడు చేసుకుంటిమి."

వాకిట్లోకి ఎగిరిన ఇసుక మెట్టు దాకా వచ్చి ఆగింది. మారెక్క గౌసియా చెయ్యి పట్టుకుని దగ్గరికి తీసుకుంది. వేలి చివరన కాలిన మచ్చను బొటనవేలితో తడిమింది.

"అంగడంటే అంగడే అనుకుంటిని తల్లీ," అంది. "ఆ వెనకాల ఒక చెయ్యి ఉంటాదని తోచలేదు."

తర్వాత నావైపు తిరిగి, పుస్తకం తీయమంది.

"రాయమ్మా. నచ్చలేదని తొమ్మిదిసార్లు గుర్తు పెట్టింది నేను. తొమ్మిదిసార్లూ అబద్ధమే. ఆడబిడ్డల పేర్లు వాడింది నా మాట మీదనే, వాళ్ల తప్పు లేదు. తుమ్మెదలో ఏ లోపమూ లేదు. తొమ్మిది మంది బిడ్డల గుండెలు వినిపించింది, తొమ్మిది మందీ తిరుగుతాండారు. ఈ పదోది గూడా అంతే. రాసినావా?"

ఇలా రాసి పంపితే ఆ నాలుగు పల్లెల చిరునామాలు మూసేస్తారని చెప్పాను. ఇక అంగడి నుంచి నీళ్ల వడపోత గుడ్డలూ, దీపాల బ్యాటరీలూ ఏవీ రావు. నిజం చెప్పాలంటే, రాయొద్దని ఆమె అంటుందని ఎదురుచూశాను. అలా అని ఉంటే నా పుస్తకంలో ఒక వాక్యం తక్కువ రాసి ఉండేదాన్ని.

"మూయనీ," అంది. "ఈయమ్మ చేసినదాన్ని మేము మూయించబోతిమి గదా."

మూడు గళ్ల కాగితంలో చోటు లేదు. వేరే కాగితం మీద రాసి, చదివి వినిపించి, ఆమె సంతకం తీసుకుని, శివలీల చేతా పెట్టించి, తొమ్మిది వాపసుల కాగితాలకూ కలిపి అంటించడానికి సంచిలో పెట్టుకున్నాను. రాస్తున్నప్పుడు పదకొండేళ్లుగా నేను వేసిన ముద్రలు గుర్తొచ్చాయి. టిక్కు చూసి ముద్ర వేశానే కానీ, దాని వెనక ఇంకో మాట ఉండొచ్చని ఎన్నడూ అనుకోలేదు.

గాలికాలం, 38వ రోజు

పై ఆఫీసు జవాబు వచ్చింది. ఆ తొమ్మిది వాపసులనూ తుమ్మెద లెక్కలోంచి కొట్టేశారు. తుమ్మెద అంగడిలోనే ఉంటుంది. పొట్ట మీద కట్టుకుని వాడటానికి అంగడి హామీ ఇవ్వదని ఒక వాక్యం కలిపారు. నాలుగు పల్లెల చిరునామాలు తొంభై రోజులు మూసివేత. తప్పుడు కారణాలకు శిక్ష. మరో పేరాలో నా గురించి ఉంది. నిర్ణీత కాగితానికి బయట రాతలు అంటించినందుకు నన్ను పరిశీలన బల్ల నుంచి తీసేసి పార్శిళ్లు కట్టే చోటికి మార్చారు.

పరిశీలన పుస్తకం అప్పగించేశాను. సాయంత్రం ఓబుళేశన్న ఒక ఖాళీ నోటుపుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. రాసే చెయ్యి ఊరికే ఉండలేదు గదా అన్నాడు. ఈ పేజీ అందులోదే.

గాలికాలం, 46వ రోజు

కణేకల్లు వైపు బండి తోలేవాడు సంగతులు చెప్పాడు. మూసివేత వల్ల కొందరు మారెక్కతో మాట్లాడటం మానేశారట. నీళ్లు నాలుగు మడతల చీరలో వడపోసుకుంటున్నారట. ఆమె ఎవరితోనూ వాదించడం లేదు, ఎప్పటిలాగే ఇల్లిల్లూ తిరిగి కడుపులు చూస్తోంది.

గౌసియా ఉత్తరం కూడా వచ్చింది. శివలీల దగ్గరున్నది గడువు తీరి వెనక్కి పోయాక ఆమె కోసం తానే ఒక తుమ్మెదను చేత్తో తెస్తానని మారెక్కకు కబురు చేస్తే వద్దందట. అంగడి తప్ప వేరే దారిలో అమ్మబోమనీ, ఇవ్వబోమనీ గౌసియా వాళ్లు సంతకం చేసి ఉన్నారు. ఆ సంతకం తన కోసం తప్పొద్దనీ, ఇంకో దొంగదారి వద్దనీ మారెక్క చెప్పి పంపింది. తాను ఇప్పుడు పొట్ట మీద వాడటానికే పనికొచ్చే మెత్తని అడుగుతో కొత్త తుమ్మెద చేస్తున్నానని గౌసియా రాసింది. దానికి నెలలు పడతాయి.

గాలికాలం, 53వ రోజు

శివలీల తుమ్మెద తిరిగొచ్చింది. నలభయ్యో రోజునే పంపారు. కాన్పు ఇంకా కాలేదు. బల్ల దగ్గర ఇప్పుడు వేరే అమ్మాయి ఉంది. విప్పి చూసి, చాలా శుభ్రంగా ఉందంది. నేను పార్శిళ్ల దగ్గరి నుంచి లేచి ఓబుళేశన్న దగ్గరికి వెళ్లి వారం రోజులు సెలవు అడిగాను. ఎందుకని ఆయన అడగలేదు.

గాలికాలం, 57వ రోజు

రాత్రే గాలిబండి ఎక్కి, ఖాళీ చేతులతోనే వెళ్లాను. మూసిన చిరునామాకు అంగడిలో పనిచేసేవాళ్లు ఏదీ మోసుకుపోకూడదు.

దిగువదిబ్బలో దిగేసరికి పొద్దు బాగా ఎక్కింది. శివలీలకు తెల్లవారుజామున మొదలైన నొప్పులు దగ్గర పడుతున్నాయి. అప్పుడే గాలి ఆగి, ఊరంతా తెల్లగా ఎండ. మారెక్క నన్ను గుమ్మంలో చూసి, వచ్చినావా అని మాత్రం అంది. చేతులు కడుక్కోమంది. వేణ్నీళ్లతో మోచేతుల దాకా కడిగించి, గోళ్లు చూసి, చాపమీద తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"నా చెవి పోయింది," అంది. "నీది ఇయ్యి."

చెక్కగొట్టం ఒక చివర పొట్ట మీద పెట్టి, రెండో చివరకు నా చెవి ఆనించింది. నేను పిల్లల్ని కనలేదు, కాన్పు చూడలేదు. బోర్డులు విని వాటి బాగోగులు చెప్పడమే తప్ప మనిషిని విన్నది లేదు. ముందు నా నెత్తురు చప్పుడే వినబడింది. తర్వాత శివలీల పేగుల గురగుర. మారెక్క గొట్టాన్ని రెండు వేళ్ల మేర కిందికి జరిపింది. అక్కడ ఉంది, చాలా చిన్నగా, చాలా తొందరగా.

వినబడుతోందన్నాను. ఎన్నిసార్లు అని లెక్క చెప్పబోతే ఆపింది.

"నోటితో చెప్పొద్దు, ఆలస్యమైతాది. వేలితో కొట్టు," అని తన మణికట్టు నా చేతికి ఇచ్చింది.

వింటూ, వినబడినట్టే ఆమె మణికట్టు మీద వేలితో కొట్టాను. ఆమె కళ్లు మూసుకుని నా వేలినే వింది. ఎంతసేపలా ఉన్నామో తెలియదు. శివలీల నా భుజం పట్టుకుని బిగించేది, వదిలేది. నొప్పి వచ్చినప్పుడు గుండె కాస్త నెమ్మదించి, పోగానే మళ్లీ అందుకునేది. ఒకసారి నొప్పి పోయింది కానీ అందుకోలేదు. నా వేలు ఆగి ఆగి పడింది. చెప్పాలా అనుకునేలోపే మారెక్క కళ్లు తెరిచింది. శివలీలను ఎడమవైపుకు తిప్పింది, నడుము కింద మడిచిన చీర పెట్టింది, లోతుగా గాలి పీల్చమంది. గొట్టం మళ్లీ వెతికి పెట్టింది.

నేను విన్నాను. ఏమీ లేదు, ఏమీ లేదు, తర్వాత ఒకటి. తర్వాత ఇంకొకటి. నా వేలు మళ్లీ పరుగందుకుంది. మారెక్క బుగ్గల మీద చెమటో కన్నీళ్లో కారుతున్నాయి. ఆమె తుడుచుకోలేదు, రెండో చెయ్యి శివలీల పొట్ట మీద ఉంది.

మధ్యాహ్నం రెండు దాటాక తల కనబడింది. గొట్టం పక్కన పడేసి మారెక్క చెప్పినట్టల్లా చేశాను. ఆడపిల్ల. నీలంగా, జిగటగా, ఒక క్షణం ఊరికే ఉండి, తర్వాత నోరు తెరిచి గది అదిరేలా ఏడ్చింది. బయట వాకిట్లో శివలీల పెనిమిటి గోడకు చేరగిలబడి కూలబడ్డ చప్పుడు వినిపించింది. మారెక్కతో మాట్లాడటం మానేసిన ఆడవాళ్లు కూడా ఇద్దరు గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

బొడ్డు కోసి, ఇంకా ఏడుస్తూనే ఉన్న పిల్లను తల్లి గుండెల మీద పడుకోబెట్టి, మారెక్క నా పక్కన వచ్చి కూర్చుంది. అలసిపోయి చెయ్యి నా ఒళ్లో పెట్టింది. అప్పుడు చూసుకున్నాను, నా వేలు ఇంకా ఆమె మణికట్టు మీద కొడుతూనే ఉంది.

ఆమె నా వేలిని తన గుప్పిట్లోకి తీసుకుని మూసింది.

"చాలు తల్లీ," అంది. "ఇంగ నాక్కూడా వినపడతాంది."